సంఘం డబ్బుకి సంఘం పేరునే ఖాతా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రైతు సంఘాల నుంచే వచ్చాయి. బ్యాంకోళ్ళు అప్పివ్వట్లేదు, ఖాతా తెరవట్లేదు, బాకీలు వసూలు కావట్లేదు, ఇవే ఎక్కువ. నేను ఇరవై ఏళ్ళకు పైగా సహకార బ్యాంకు తరఫున ఊరూరా తిరిగి సొసైటీల పుస్తకాలు చూసినోణ్ణి కాబట్టి నాకు తెలిసినంత వరకు ఉన్నదున్నట్టు చెప్తాను. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు, అందుకే జిల్లా వరకే ఇస్తున్నాం.

మా ఊళ్ళో 38 మంది మిరప రైతులం కలిసి రెండేళ్ళుగా కాయలు ఆరబోసే పట్టాలు, పురుగు మందులు టోకున కొంటున్నాం, కాయలు కూడా ఒకే లారీలో గుంటూరు యార్డుకి తోలుతున్నాం. డబ్బంతా మా పెద్దాయన సొంత సేవింగ్స్ ఖాతాలో వేస్తున్నాం, మనిషి చాలా మంచోడు, ఇంతవరకు రూపాయి తేడా రాలేదు. సంఘం పేరున ఖాతా అడిగితే రిజిస్ట్రేషన్ లేదు కుదరదన్నారు. ఇలాగే నడిపిస్తే తప్పేంటి?
పల్నాడు జిల్లా నుంచి ఒక రైతు

ఆయన మంచోడే అయినా ఆ ఖాతా మాత్రం మీది కాదండీ, చట్టం కళ్ళకి అందులో ఉన్న ప్రతి రూపాయీ ఆయన సొంతమే. నేను చూసిన ఒక సంఘంలో అధ్యక్షుడు గుండెపోటుతో పోయాడు, సంఘం డబ్బు నాలుగు లక్షల పైచిలుకు ఆయన ఖాతాలో ఉండిపోయింది. నామినీ ఆయన భార్య, ఆ తల్లి ఇస్తాననే అంది గానీ కొడుకులిద్దరికీ ఆస్తి తగాదా ఉంది, ఇది మా నాన్న డబ్బు కాదని రుజువేంటని ఒకడు అడిగాడు, సంఘం దగ్గర చూస్తే చేతిరాత నోటు పుస్తకం తప్ప ఏం లేదు. ఎరువుల సీజన్ అంతా వీళ్ళు పంచాయితీల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది, చివరికి సగం కూడా రాలేదు. అక్కడ ఎవరూ మోసం చెయ్యలేదు, అయినా డబ్బు పోయింది, నాకు ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే బాధేస్తది.

ఇంకో రెండు ఇబ్బందులు కూడా ఉన్నాయి. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి 10 లక్షలు, అంతకన్నా ఎక్కువ నగదు పడితే బ్యాంకు ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకి తెలియజేస్తది, మీ 38 మంది మిర్చి డబ్బుకి ఆయన జవాబు చెప్పుకోవాల్సొస్తది. అట్లాగే ఆయనకి అదే బ్యాంకులో పాత లోను బకాయి ఉంటే ఆ ఖాతాలోంచి బ్యాంకు జమ చేసుకునే ప్రమాదం ఉంది.

కాబట్టి రిజిస్టర్ చేసుకోండి. మీకు మూడు దార్లున్నాయి. ఒకటి 1964 సహకార సంఘాల చట్టం, మన పీఏసీఎస్‌లు, అదే మనం సింగిల్ విండో అనో సొసైటీ అనో పిలిచేవి దాని కిందే ఉన్నాయి, అందులో ప్రభుత్వం చెయ్యి ఎక్కువ. రెండోది 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అందరూ మ్యాక్స్ అంటారు, వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది ఉంటే చాలు, ప్రభుత్వ వాటా ధనం ఉండదు, మీ బైలాస్, అంటే సంఘం నియమాలు, మీరే రాసుకోవచ్చు, జిల్లా సహకార అధికారి ఆఫీసులో రిజిస్ట్రేషన్. మూడోది ప్రొడ్యూసర్ కంపెనీ, 2002లో కంపెనీల చట్టంలోకి తెచ్చారు, దీనికీ పది మంది రైతులు చాలు. పేరు చివర కంపెనీ అని ఉంటే గౌరవంగా ఉంటదని చాలామంది దీనికి ఎగబడతారు గానీ ఏటా దాఖలు చేసే ఫారాలు లేటయితే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయల చొప్పున పడుతూనే పోతది, ఏడాది మర్చిపోయారంటే ఒక్క ఫారానికే 36,500. నెలనెలా చూసే అకౌంటెంట్ లేని 38 మంది సంఘానికి అది మోయలేని బరువు. మీ స్థాయికి మ్యాక్స్ సరిపోద్దని నా అభిప్రాయం, రేపు వేరే రాష్ట్రాలకి అమ్మేంత పెరిగితే అప్పుడు కంపెనీ సంగతి చూసుకోవచ్చు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక సంఘం పేరున పాన్ కార్డు తీస్కోండి, పాలకవర్గం మీటింగు పెట్టి ఏ బ్యాంకులో తెరవాలి, ఎవరెవరు సంతకాలు పెట్టాలి అని తీర్మానం రాయండి, ఆ తీర్మానం నకలు, బైలాస్, సర్టిఫికెట్, పాన్, సంతకాలు పెట్టేవాళ్ళ ఆధార్, ఫొటోలు పట్టుకెళ్ళండి. వ్యాపారం చేసే సంఘం కాబట్టి కరెంట్ ఖాతా ఇస్తారు, వడ్డీ రాదు, కనీస నిల్వ ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. ఖాతా తెరిచిన రోజే పెద్దాయన ఖాతాలో ఉన్న సంఘం డబ్బు మొత్తం చెక్కుతో మార్చేసి, అంత మొత్తం ముట్టిందని ఆయనకి సంఘం రశీదు ఇవ్వండి, రెండేళ్ళు మోసినందుకు అది ఆయనకి కూడా రక్షణ.

మాది పసుపు రైతుల ఎఫ్‌పీఓ, అంటే రైతు ఉత్పత్తిదారుల సంఘం, 400 మంది సభ్యులున్నరు. పసుపు కొని నిల్వ పెట్టి నిజామాబాద్ మార్కెట్ల మంచి రేటు రాంగనే అమ్ముదామనుకున్నం. బ్యాంకుకు పోతే మేనేజర్ సారు భూమి కాయిదాలు తెమ్మంటుండు, మూడేండ్ల ఆడిట్ తెమ్మంటుండు. డైరెక్టర్లు ఎవ్వరు తమ భూమి పెట్టనంటున్నరు. ఏం జెయ్యాలె?
జగిత్యాల జిల్లా నుంచి ఒక డైరెక్టర్

అన్నా, భూమి పెట్టొద్దు, నలుగురు డైరెక్టర్ల భూమి మీద 400 మంది వ్యాపారం నడవడం న్యాయం కాదు, రేటు పడిపోతే ఆ నలుగురి ఇండ్లల్ల ఏడుపే. దానికి వేరే దారుంది. కేంద్రం 2020లో మొదలుపెట్టిన 10,000 ఎఫ్‌పీఓల పథకం కింద మీది నమోదై ఉంటే 2 కోట్ల దాకా ప్రాజెక్టు లోనుకి క్రెడిట్ గ్యారంటీ ఉంది, అంటే మీరు కట్టలేకపోతే బ్యాంకుకి వచ్చే నష్టంలో పెద్ద భాగం ఆ నిధి భరిస్తది, అందుకు బ్యాంకు మిమ్మల్ని తాకట్టు అడక్కుండా ఇవ్వొచ్చు. మీ మేనేజర్‌కి ఈ సంగతి తెలిసే ఉండొచ్చు, కానీ మీ ఊరి బ్రాంచిలో అట్లాంటి ఫైలు ఒక్కటీ కదిలి ఉండకపోవచ్చు. అందుకే నాబార్డ్ జిల్లా అధికారిని, జిల్లాలో బ్యాంకులన్నిటినీ కలుపుకుని నడిపే లీడ్ బ్యాంక్ మేనేజర్‌ని కలిసి వాళ్ళతో ఒక మాట చెప్పించండి, కింద నుంచి కదలని ఫైలు పక్క నుంచి తోస్తే కదుల్తది. అదే పథకంలో సభ్యుడికి 2,000 మించకుండా, సంఘానికి మొత్తం 15 లక్షల దాకా మీరు కట్టిన వాటా ధనానికి సమానంగా ఈక్విటీ గ్రాంటు కూడా ఉంది, అది తీసుకున్నారో లేదో చూడండి, మీ సొంత మూలధనం ఎంత పెరిగితే బ్యాంకు అంత ధైర్యంగా ఇస్తది.

ఇగ ఆడిట్ సంగతి. అది అడగడం తప్పు కాదు, బ్యాంకు మిమ్మల్ని చూడలేదు, మీ పుస్తకాన్నే చూస్తది. మూడేండ్లు పూర్తి కాకపోతే ఉన్న ఏడాది ఆడిట్, బ్యాంకు స్టేట్‌మెంటు, ఎంత కొన్నరు ఎంతకి అమ్మిన్రు అన్న లెక్క పెట్టి, వచ్చే సీజన్‌కి నెలవారీగా డబ్బు ఎప్పుడొస్తది ఎప్పుడు పోతది అన్న కాగితం ఒకటి తయారు చేసి తీస్కపోండి. లోను దరఖాస్తు ఫారం కంటే ఈ కాగితమే ముఖ్యం, అది మీకోసం కూడా.

లెక్క కోసం అనుకుందాం, క్వింటాలు 12,000 చొప్పున 500 క్వింటాళ్ళు, అంటే 60 లక్షల సరుకు. రైతుకి తెచ్చిన రోజు 70 శాతం ఇచ్చి మిగతాది అమ్మినంక ఇస్తమని ఒప్పుకుంటే మొదట కావాల్సింది 42 లక్షలు. మీ దగ్గర 8 లక్షలు ఉన్నయ్, బ్యాంకు నుంచి 34 లక్షలు. 11 శాతం వడ్డీ, మూడు నెలలు నిల్వ అంటే వడ్డీ 93,500, అంటే క్వింటాలుకి 187 రూపాయలు. దాని మీద గోదాము కిరాయి, హమాలీ, తరుగు, గోనె సంచులు. ఇవన్నీ కలిపి క్వింటాలుకి ఎంతైతదో అంతకన్నా ఎక్కువ రేటు పెరుగుతదని మీకు గట్టి నమ్మకం ఉంటేనే నిల్వ పెట్టాలె, లేకుంటే అదే రోజు అమ్ముకునుడే మేలు. ఈ లెక్క చెయ్యకుండా అప్పు తెచ్చి సరుకు పట్టుకుని కూర్చున్న సంఘాలని నేను చూసిన, రేటు వంద పెరిగిందని సంబరపడ్డరు, వడ్డీ నూట ఎనభై పోయిందని ఆడిట్ల గానీ తెల్వలేదు.

ఇంకో రెండు మాటలు. నెల నెలా కిస్తీ పెట్టే టర్మ్ లోను ఈ పనికి తీసుకోవద్దు, పసుపు జూన్‌ల పెడితే జనవరి దాటినంకనే చేతికొస్తది, మధ్యల కిస్తీ ఎక్కడి నుంచి కడ్తరు. క్యాష్ క్రెడిట్ లిమిట్ అడగండి, వాడుకున్నంత వరకే, వాడుకున్న రోజులకే వడ్డీ. దానికి ప్రతి నెలా స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి, స్టాకు విలువలో సాధారణంగా ఓ పాతిక శాతం మార్జిన్ పక్కన పెట్టి మిగతా దాని వరకే తీయనిస్తరు, స్టేట్‌మెంటు ఇవ్వడం రెండు నెలలు మర్చిపోతే లిమిట్ ఉన్నా డబ్బు రాదు. రెండోది, బ్యాంకు మీ డైరెక్టర్ల సొంత సిబిల్, అంటే పాత అప్పులు ఎట్ల కట్టిన్రో చెప్పే రిపోర్టు కూడా చూస్తది, ఎవరికన్నా పాత ట్రాక్టర్ లోను మొండి బకాయి ఉంటే ఫైలు అక్కడనే ఆగిపోతది, కానీ మీకు మాత్రం వేరే కారణం చెప్తరు. దరఖాస్తుకి ముందే డైరెక్టర్లందరి రిపోర్టులు తీసి చూస్కోండి, సిగ్గు పడేదేం లేదు. అన్నీ సరిగ్గ ఉండి కూడా ఇవ్వకపోతే కారణం కాగితం మీద రాసియ్యమని అడగండి, బ్యాంకుకే రాతపూర్వకంగ ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్ల జవాబు రాకున్నా, వచ్చింది సరిగ్గ లేకున్నా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఫీజు లేదు. లోను ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కి లేదు గానీ జవాబే చెప్పకుండా తిప్పుడు మాత్రం ఆగుతది.

మా సొసైటీలో అమ్మ పేరున 3 లక్షలు డిపాజిట్ ఉంది. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఇస్తారంట కదా, సొసైటీకి కూడా వర్తిస్తుందా?
నెల్లూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు

వర్తించదండీ. ఆ 5 లక్షల బీమా 2020 నుంచి ఉంది, వాణిజ్య బ్యాంకులకి, గ్రామీణ బ్యాంకులకి, జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకి, రాష్ట్ర సహకార బ్యాంకుకి ఉంటది. ఊళ్ళో ఉన్న పీఏసీఎస్ గానీ మ్యాక్స్ సంఘం గానీ దాని కిందికి రావు. రశీదు మీద ఎవరి పేరుందో చూడండి, జిల్లా బ్యాంకు పేరుంటే ఒక సంగతి, సొసైటీ పేరుంటే ఇంకో సంగతి. సొసైటీ బాగా నడుస్తుంటే భయపడి పరిగెత్తాల్సిన పన్లేదు గానీ అమ్మగారి మొత్తం పొదుపు అదే అయితే కొంత బ్యాంకుకి మార్చడం మంచిది, మహాసభకి మాత్రం తప్పకుండా వెళ్ళి ఆడిట్ రిపోర్టు చదివించండి.

మా సంఘం ఎరువుల షాపు నడుపుతోంది. ఉధారు బాకీలు 6 లక్షల 40 వేలకు చేరాయి. అందరూ అయినవాళ్ళే, అన్నదమ్ములు, బావమరుదులు, గట్టిగా అడిగితే మొహం చాటేస్తారు, కొంతమంది రుణమాఫీ వస్తే కడతామంటున్నారు. కంపెనీ డీలరుకి మేం నూటికి రూపాయిన్నర వడ్డీ కడుతున్నాం. షాపు మూసేద్దామా?
ఖమ్మం జిల్లా నుంచి ఒక కార్యదర్శి

ఈ ఉత్తరం చదివి నాకు చాలాసేపు మనసు బాగోలేదు, ఎందుకంటే సంఘాలు మూతపడేది దొంగతనాల వల్ల కాదండీ, నేను చూసినంతలో నూటికి ఎనభై మూతపడ్డది ఇట్లా మొహమాటం వల్లే.

ముందు రుణమాఫీ సంగతి స్పష్టంగా చెప్పండి అందరికీ. 2024లో తెలంగాణలో చేసిన 2 లక్షల మాఫీ గానీ, 2014 తర్వాత ఆంధ్రలో ఇచ్చిన మాఫీ గానీ బ్యాంకులు, సహకార సంఘాలు పంట రుణంగా ఇచ్చిన అప్పులకి. మీ షాపు పుస్తకంలో యూరియా కట్టల కింద రాసిన ఉధారు ఏ మాఫీలోనూ లేదు, రాదు. ఈ మాట మహాసభలో అందరి ముందూ ఒకసారి చెప్పి మినిట్స్‌లో రాయండి.

తర్వాత వడ్డీ లెక్క. 6,40,000 మీద నూటికి రూపాయిన్నర అంటే నెలకి 9,600, ఏడాదికి 1,15,200. ఇది ఎవరు కడుతున్నారు? టైముకి డబ్బిచ్చి కొనుక్కున్న రైతు కడుతున్నాడు, అతని కట్ట మీద మిగిలిన లాభంలోంచే ఇది పోతోంది. బాకీ ఉన్న బావమరిదిని అడగడానికి మొహమాటపడుతున్నాం అంటే నిక్కచ్చిగా కట్టిన పొరుగోడి జేబులోంచి తీసి ఇస్తున్నాం అన్నమాట. ఇది మహాసభలో బోర్డు మీద రాసి చూపించండి, తిట్టక్కర్లేదు, అంకె చూస్తేనే చాలామంది కదుల్తారు.

ఆ తర్వాత బాకీలని వయసు వారీగా విడగొట్టండి, ఈ సీజన్‌వి, పోయినేటివి, రెండేళ్ళు దాటినవి. మామూలు అప్పుకి చట్టంలో గడువు మూడేళ్ళు, బాకీదారు ఆ లోపల ఇంత బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే గడువు మళ్ళీ కొత్తగా మొదలవుద్ది. కాబట్టి రెండేళ్ళు దాటినవాళ్ళ ఇళ్ళకి ముందు వెళ్ళండి, డబ్బు కోసం కాదు, సంతకం కోసం. ఒక్కరే వెళ్ళొద్దు, పాలకవర్గం నుంచి ముగ్గురు వెళ్ళండి, బాకీదారుకి చుట్టం కానివాళ్ళు మాట్లాడాలి. బతికుండి కట్టలేని పరిస్థితిలో ఉన్న ఇల్లు ఒకటో రెండో ఉంటాయి, పంట పోయినోళ్ళు, ఆసుపత్రి పాలైనోళ్ళు, వాళ్ళకి కిస్తీలు పెట్టండి, వడ్డీ తగ్గించండి, కానీ అది కూడా తీర్మానంతో చెయ్యండి, చాటుగా చెయ్యొద్దు.

ఇకముందు ఉధారు పూర్తిగా ఆపండి అని నేను అనను, చేతిలో డబ్బుండే రైతుకి సంఘంతో పనేముంది. కానీ సభ్యుడి వాటా ధనానికి ఇన్ని రెట్లు అని హద్దు పెట్టండి, పాత బాకీ ఉంటే కొత్తది లేదు అన్న నియమం అధ్యక్షుడికి కూడా వర్తించాలి, అసలు ఆయనతోనే మొదలెట్టండి. అన్నిటికంటే గట్టి ఉపాయం పంట కూడా సంఘమే కొనడం. ములుకనూరు సంగతి మీకు తెలిసే ఉంటది, 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు, అప్పు అక్కడే, ఎరువు అక్కడే, పండిన ధాన్యం కొనేదీ అక్కడే. రైతు పంట తెచ్చినప్పుడు లెక్క సరిచూసుకుని మిగిలింది ఇస్తారు, ఇంటికెళ్ళి అడగాల్సిన అవసరమే తగ్గిపోద్ది. ఆరేడు దశాబ్దాలు నిలబడ్డదంటే ఊరికే కాదు. మీరు అంత పెద్దది చెయ్యక్కర్లేదు, మీ దగ్గర ఉధారు తీసుకున్న పత్తి రైతుల పత్తి వరకైనా ఈ ఏడు సంఘం తరఫున అమ్మించి చూడండి, బాకీ కోతకి వాళ్ళ ఒప్పుదల ఎరువు ఇచ్చే రోజే రాయించుకోండి. షాపు మూసెయ్యొద్దు.

మాది చిత్తూరు జిల్లాలో ఆడోళ్ళం నడిపే పాల సంఘం. నేను అధ్యక్షురాలిని, పెద్దగా చదువుకోలేదు. మా గుమాస్తా బాగా చదువుకున్నోడు, పని సులువవుతుందని చెక్కు పుస్తకం మొత్తం నాతో సంతకాలు పెట్టించుకుని పెట్టుకున్నాడు. మొన్న మా అమ్మాయి చూసి అరిచింది. నిజంగా ప్రమాదమా?

మీ అమ్మాయి అరిచింది మీ మంచికేనమ్మా. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టడమంటే బీరువా తాళం చేతికివ్వడమే. రేపు ఎంత అంకె రాసుకున్నా బ్యాంకు ఇచ్చేస్తది, సంతకం మీదే కాబట్టి మీరే జవాబు చెప్పాల. ఈ రోజే ఆ పుస్తకం తెప్పించి వాడని చెక్కులన్నీ అడ్డంగా గీత కొట్టి రద్దు అని రాయండి, ఒక్కటి తగ్గినా ఆ నంబరుకి బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టండి. ఆ అబ్బాయి తప్పు చేశాడని నేను అనట్లేదు, చాలా చోట్ల పని జరగాలని ఇట్లానే చేస్తారు, కానీ తప్పు చెయ్యడానికి దారి తెరిచిపెట్టడం అతనికి కూడా మంచిది కాదు.

ఖాతాకి ఇద్దరి సంతకాలు ఉండేట్టు తీర్మానం మార్చండి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు, గుమాస్తా అందులో ఉండకూడదు. డబ్బు లెక్క రాసేవాళ్ళు, డబ్బు తీసేవాళ్ళు వేర్వేరు మనుషులయి ఉండాల, ఇది ఒక్కటి పట్టుకుంటే సగం గొడవలు రావు. బ్యాంకు మెసేజిలు మీ ఫోనుకి, ఇంకో సభ్యురాలి ఫోనుకి వచ్చేట్టు చూస్కోండి. పాల బిల్లు పదిహేను రోజులకోసారి ఇస్తుంటారు కదా, అది నగదుగా కాకుండా నేరుగా ఒక్కొక్కరి ఖాతాలో వేయించండి, నగదు తగ్గితే అనుమానం తగ్గుతది.

చదువు రాలేదని మీరు వెనక్కి తగ్గొద్దు. నెలకోసారి మీటింగులో నాలుగే నాలుగు అంకెలు గట్టిగా చదివించండి: చేతిలో ఎంత, బ్యాంకులో ఎంత, మనకి రావాల్సింది ఎంత, మనం ఇవ్వాల్సింది ఎంత. బ్యాంకు అంకె చదివేటప్పుడు ఆ రోజు ప్రింటు వేయించిన పాస్‌బుక్కు గానీ స్టేట్‌మెంటు గానీ పక్కన ఉండాల, మీ అమ్మాయి లాంటి పదో తరగతి చదివిన పిల్ల ఎవరైనా చూసి సరిపోయిందా లేదా చెప్తది. సరిపోకపోతే ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకులో పడలేదేమో చూడండి, చెక్కుకి మూడు నెలలే గడువు. అది కూడా కాకపోతే అప్పుడు గుమాస్తాని అడగండి, అందరి ముందు, మర్యాదగా. రోజూ పాలల్లో వెన్న శాతం చూసి కొలిచేవాళ్ళకి నాలుగు అంకెలు పోల్చుకోవడం ఓ లెక్క కాదమ్మా.

నేను కౌలు రైతుని, నాలుగు ఎకరాల వరి. బ్యాంకులో పంట రుణం ఇవ్వట్లేదు, ఊరి సొసైటీలో భూమి ఉన్నోళ్ళకే సభ్యత్వం అంటున్నారు. మా లాంటోళ్ళం ఎక్కడికి పోవాలి?
తూర్పుగోదావరి జిల్లా

గోదావరి జిల్లాల్లో దున్నేవాళ్ళలో కౌలు రైతులే ఎక్కువమంది, అయినా బ్యాంకు దగ్గరికొచ్చేసరికి లేనట్టే చూస్తారు, ఇది చాలా అన్యాయం. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం, సీసీఆర్‌సీ కార్డు 11 నెలలకి ఇస్తారు, కానీ దానికి భూయజమాని సంతకం కావాలి, హక్కు పోతుందేమోనని వాళ్ళు భయపడతారు. ఆ కార్డు వల్ల భూమి హక్కు మారదని గ్రామ రెవెన్యూ అధికారితో చెప్పించండి, మీరు చెప్తే నమ్మని వాళ్ళు ఆయన చెప్తే నమ్ముతారు. కార్డు వచ్చినా ఇంకో అడ్డంకి ఉంది, అదే భూమి మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు వెనకాడుతుంది. అప్పుడు దారి జేఎల్‌జీ, నలుగురి నుంచి పది మంది దాకా కౌలు రైతులు ఒక గ్రూపుగా చేరి ఒకరికొకరు పూచీ ఉండి తీసుకునే అప్పు. పూచీ కాబట్టి ఎవరితో చేరుతున్నారో చూసి చేరండి, చుట్టరికం చూసి కాదు, గట్టు మీద పని చూసి.

సభ్యత్వం సంగతి సొసైటీ బైలాస్‌ని బట్టి ఉంటది. కొత్తగా మ్యాక్స్ సంఘం పెట్టుకునేవాళ్ళు మాత్రం బైలాస్‌లో భూమి ఉన్నవాళ్ళు అని కాకుండా సాగు చేసేవాళ్ళు అని రాసుకోండి, ఒక్క మాట తేడా, ఎంతమందికి తలుపు తెరుచుకుంటదో. ప్రొడ్యూసర్ కంపెనీలో కూడా పండించేవాళ్ళెవరైనా సభ్యులు కావచ్చు, పట్టా పాస్‌బుక్కు ఉండాలని లేదు.

మా సంఘం మొదటిసారి లాభం చూసింది, 1,80,000. మేం 212 మందిమి, 3,000 క్వింటాళ్ళ ధాన్యం కొన్నాం. సమానంగా పంచెయ్యమని సభ్యుల గోల. ఏం చెయ్యమంటారు?
యాదాద్రి భువనగిరి జిల్లా

ముందుగా అభినందనలు, మొదటి లాభం చూడడానికి ఎన్ని రాత్రిళ్ళు నిద్ర పోలేదో నాకు తెలుసు. సమానంగా పంచితే మనిషికి 849 రూపాయలు, రెండు రోజుల్లో ఖర్చయిపోద్ది, సంఘం మళ్ళీ ఖాళీ చేతులతో బ్యాంకు మెట్లెక్కాలి. పైగా 40 క్వింటాళ్ళు సంఘానికి అమ్మిన రైతుకీ, పక్క వ్యాపారికి అమ్మి పేరుకి మాత్రం సభ్యుడిగా ఉన్న రైతుకీ ఒకటే అంటే మొదటోడు వచ్చే ఏడు రాడు.

నేనైతే ఇట్లా చేస్తాను, మీ బైలాస్‌లో రిజర్వు శాతం ఎంత ఉందో చూసుకుని దానికి తగ్గకుండా. 90,000 రిజర్వులో పెట్టండి, బ్యాంకు మీ సొంత నిధి కింద చూసేది దాన్నే. 60,000 వ్యాపారాన్ని బట్టి బోనసుగా ఇవ్వండి, మీరు 3,000 క్వింటాళ్ళ ధాన్యం కొన్నామని రాశారు కదా, క్వింటాలుకి 20 రూపాయలు పడుతుంది, 40 క్వింటాళ్ళు తోలినాయనకి 800, నాలుగు క్వింటాళ్ళ ఆవిడకి 80, లిస్టు ఆఫీసు గోడకి అంటించండి. మిగిలిన 30,000తో తేమ మీటరు, మంచి కాటా కొనండి. ధాన్యం కొనుగోలులో 17 శాతం తేమ దాటితే తిప్పి పంపుతారు, మన దగ్గరే కొలిచి ఆరబెట్టి పంపితే సభ్యుడికి ఆ లారీ కిరాయి, ఆ రెండు రోజుల పడిగాపులు మిగుల్తాయి. ఇవన్నీ పాలకవర్గం చాటుగా నిర్ణయించకుండా మహాసభలో పెట్టండి, 849 ఒక పక్క, ఇది ఇంకో పక్క బోర్డు మీద రాసి ఓటు అడగండి. ఓటు ఎటు పడిందో నాకు ఒక కార్డు ముక్క రాయండి, వచ్చే సంచికలో అందరితో పంచుకుంటాను.